రెండు కప్పులు గెలిచిన జట్టుకు మూడోది ఎందుకు దక్కలేదు? ఫిలిప్పీన్స్ బాస్కెట్‌బాల్‌లో ఒక సీజన్ లెక్క

2025 జూలై 25న మనీలాలో ఒక ఫైనల్ సిరీస్ ముగిసింది. శాన్ మిగెల్ బీర్‌మెన్ 107-96తో టీఎన్‌టీని ఓడించి 4-2తో కప్పు ఎత్తుకుపోయింది. మర్నాడు క్రీడా వార్తల్లో గెలిచినవాళ్ల గురించి ఎంత రాశారో, ఓడినవాళ్ల గురించీ దాదాపు అంతే రాశారు. కారణం, ఓడిన జట్టు అదే సీజన్‌లో అప్పటికే రెండు కప్పులు గెలిచి ఉంది. మూడోది కూడా గెలిస్తే గ్రాండ్ స్లామ్. యాభై ఏళ్ల లీగ్ చరిత్రలో ఐదే ఐదు సార్లు జరిగిన ఘనత అది.

ఐపీఎల్‌కో ఎన్‌బీఏకో అలవాటు పడ్డవాళ్లకు ఇక్కడే తికమక మొదలవుతుంది. ఒక సీజన్‌లో మూడు కప్పులేంటి? ఫైనల్ గెలిచాక మళ్లీ ఫైనల్ ఏంటి? రెండు గెలిచి ఒకటి ఓడిన జట్టు ఛాంపియనా, కాదా? మెడిసిన్ చదవడానికి దావావో, మనీలా వెళ్లిన మన పిల్లలకు వీధి వీధికీ కనిపించే బాస్కెట్‌బాల్ రింగులు బాగానే పరిచయం. అక్కడి లీగ్ లెక్క మాత్రం అంత తొందరగా బుర్రకెక్కదు. టీఎన్‌టీ ఆడిన 2024-25 సీజన్‌ను వెంట పెట్టుకుని వెళ్తే ఆ లెక్క చాలావరకు తేలిపోతుంది.

ఒక సీజన్, మూడు టోర్నీలు

ఫిలిప్పీన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్, అందరూ పిలిచే పేరు పీబీఏ, 1975 ఏప్రిల్ 9న మొదలైంది. ఆసియాలో తొలి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఇదే. ఇందులో 12 జట్లుంటాయి. మామూలుగా ఒక సీజన్‌ను మూడు ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కను కాన్ఫరెన్స్ అంటారు. ఎన్‌బీఏలో తూర్పు, పడమర జట్ల విభజనను కూడా ఇదే మాటతో పిలుస్తారు కానీ, పీబీఏలో కాన్ఫరెన్స్ అంటే ఒక పూర్తి టోర్నీ. లీగ్ దశ, క్వార్టర్స్, సెమీస్, ఏడు మ్యాచ్‌ల ఫైనల్, కప్పు, అన్నీ దేనికవే. ఒకటి ముగిశాక రెండోది సున్నా నుంచి మొదలవుతుంది. ముందు టోర్నీ పాయింట్లు తర్వాతి దానికి రావు.

మన దేశవాళీ క్రికెట్‌తో పోలిస్తే సులువుగా అర్థమవుతుంది. హైదరాబాద్ జట్టో ఆంధ్ర జట్టో ఒకే సీజన్‌లో రంజీ ఆడుతుంది, విజయ్ హజారే ఆడుతుంది, సయ్యద్ ముస్తాక్ అలీ ఆడుతుంది. జట్టు ఒకటే, కప్పులు మూడు, ఆట తీరు మూడు రకాలు. పీబీఏలో బంతి, కోర్టు, మ్యాచ్ సమయం మారవు. మారేది ఎవరు ఆడొచ్చు అన్న నిబంధన.

ఫిలిప్పీన్ కప్‌లో అందరూ స్థానిక ఆటగాళ్లే. అన్నిటికంటే ప్రతిష్ఠ ఉన్నది దీనికే. కమిషనర్స్ కప్‌లో ప్రతి జట్టూ ఒక విదేశీ ఆటగాణ్ని తెచ్చుకోవచ్చు, అతను బాగా పొడగరి అయినా ఫర్వాలేదు. గవర్నర్స్ కప్‌లోనూ ఒక విదేశీ ఆటగాడికి చోటుంది కానీ అతని ఎత్తు 6 అడుగుల 6 అంగుళాలు దాటకూడదు. గవర్నర్స్ అంటే మన రాష్ట్రాలకుండే గవర్నర్లు అనుకునేరు! లీగ్ బోర్డులో జట్టుకొకరు చొప్పున కూర్చునే ప్రతినిధులు వీళ్లు.

ఎత్తు మీద ఈ పట్టింపు చాదస్తంలా కనిపిస్తుంది. ఫిలిప్పీన్స్ ఆటగాళ్లలో చాలామంది పొట్టివాళ్లు. ఏడడుగుల విదేశీయుడు ఒకడు వచ్చి రింగు కింద నిలబడితే మ్యాచంతా అతని చుట్టూనే తిరుగుతుంది. 6 అడుగుల 6 అంగుళాల హద్దు పెడితే జట్లు చురుకైనవాళ్లను, కోర్టు మొత్తం పరిగెత్తేవాళ్లను వెతుక్కుంటాయి. ఆట చూడటానికి బాగుంటుంది, స్థానికులకూ బంతి అందుతుంది. అందుకే ఒకే జట్టు ఒక కప్పులో భీకరంగా కనిపించి, తర్వాతి దాంట్లో నీరుగారిపోవడం అక్కడ మామూలే.

ఊరి పేరు లేని జట్లు

పీబీఏ జట్లకు ఊళ్లు ఉండవు, కంపెనీలుంటాయి. శాన్ మిగెల్ బీరు కంపెనీ. బారంగాయ్ హినెబ్రా పేరు జిన్ను బ్రాండు నుంచి వచ్చింది. మెరాల్కో మనీలాకు కరెంటిచ్చే సంస్థ. ఎన్‌లెక్స్ టోల్ వసూలు చేసే ఎక్స్‌ప్రెస్ హైవే. రెయిన్ ఆర్ షైన్ గోడలకు వేసే రంగు. టీఎన్‌టీ ప్రీపెయిడ్ సిమ్ కార్డు బ్రాండు. జట్టు నడపడం ఈ కంపెనీలకు ఒక రకంగా ప్రచారం ఖర్చు.

సొంత ఊరు లేదు కాబట్టి సొంత మైదానమూ లేదు. కేజోన్ సిటీలోని అరనేటా కొలీజియం, పసాయ్‌లోని మాల్ ఆఫ్ ఏషియా అరీనా, పాసిగ్‌లోని ఫిల్‌స్పోర్ట్స్ అరీనా, ఇలా ఏది ఖాళీగా ఉంటే అందులో ఆడతారు. ఒకే రోజు ఒకే హాల్లో రెండు మ్యాచ్‌లు పెట్టడం మామూలు. కాగితం మీద అన్నీ తటస్థ వేదికలే. అయితే హినెబ్రా ఆడుతుంటే ఏ హాలైనా వాళ్ల సొంత ఇల్లే, ఆ జట్టుకున్న జనాదరణ అలాంటిది. 2023 జనవరి 15న బులకాన్‌లోని ఫిలిప్పీన్ అరీనాలో, అతిథి జట్టుగా వచ్చిన హాంకాంగ్‌కు చెందిన బే ఏరియా డ్రాగన్స్‌తో హినెబ్రా ఫైనల్ ఏడో మ్యాచ్ ఆడితే 54,589 మంది వచ్చారు. అది లీగ్ రికార్డు.

కంపెనీ పేర్లతో ఇంకో చిక్కుంది. ఏ సరుకుకు ప్రచారం కావాలంటే జట్టుకు ఆ పేరు తగిలిస్తారు. ఇప్పటి టీఎన్‌టీ 1990లో పెప్సీ జట్టుగా పుట్టింది. 1996లో మొబిలైన్ అయింది, 2001లో టాక్ అండ్ టెక్స్ట్ అయింది, ఆ తర్వాత టీఎన్‌టీ. 2024-25లోనే ట్రోపాంగ్ గిగా అన్న తోక పోయి ట్రోపాంగ్ 5జీ అన్న తోక వచ్చింది. పాత రికార్డులు చూసేటప్పుడు ఇది గుర్తుండాలి, లేకపోతే ఒకే జట్టును నాలుగు జట్లనుకుంటాం.

ఇంపోర్ట్: పౌరసత్వం ఉన్నా విదేశీయుడే

విదేశీ ఆటగాణ్ని అక్కడ అందరూ ఇంపోర్ట్ అనే అంటారు, ఓడలో దిగిన సరుకన్నట్టు! ఐపీఎల్‌లో పదకొండు మందిలో నలుగురు విదేశీయులు. ఇక్కడ ఐదుగురిలో ఒక్కడు. కానీ బాస్కెట్‌బాల్‌లో ఆ ఒక్కడు దాదాపు మ్యాచంతా కోర్టు మీదే ఉంటాడు, బంతి ఎక్కువసేపు అతని చేతిలోనే ఉంటుంది. మంచి ఇంపోర్ట్ దొరికితే నడి వరుస జట్టు కూడా ఫైనల్‌కు వెళ్లిపోతుంది. బాగా ఆడకపోతే టోర్నీ మధ్యలోనే టికెట్ కొని ఇంటికి పంపేస్తారు, ఇంకొకణ్ని దింపుతారు. మొహమాటాలేం ఉండవు.

టీఎన్‌టీకి దొరికినవాడు రోండే హోలిస్-జెఫర్సన్. ఎన్‌బీఏలో బ్రూక్లిన్ నెట్స్‌కు ఆడినవాడు. 2023 గవర్నర్స్ కప్‌లో వచ్చి హినెబ్రా మీద ఫైనల్ గెలిపించి వెళ్లాడు. అదే ఏడాది జోర్డాన్ జాతీయ జట్టు తరఫున హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్ ఆడాడు. అక్కడ ఎదురుపడింది ఫిలిప్పీన్సే. ఫిలిప్పీన్స్ 70-60తో గెలిచింది, 1962 తర్వాత వాళ్లకు అదే తొలి స్వర్ణం. ఆ జట్టులో ఒకడు జస్టిన్ బ్రౌన్‌లీ, హినెబ్రా ఇంపోర్ట్.

బ్రౌన్‌లీ సంగతి వింటే నిబంధనలు ఎంత మెలికలు తిరుగుతాయో తెలుస్తుంది. ఇతను అమెరికన్. హినెబ్రాకు ఆరు కప్పులు గెలిపించాడు. 2023లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం చట్టం చేసి మరీ ఇతనికి పౌరసత్వం ఇచ్చింది. జాతీయ జట్టుకు ఆడతాడు, ఆ దేశ జెండా కప్పుకుంటాడు. పీబీఏ దృష్టిలో మాత్రం ఇంకా ఇంపోర్టే. ఫిలిప్పీన్ కప్ వచ్చిందంటే సూటు వేసుకుని బెంచీ వెనక కూర్చోవలసిందే. మరోవైపు, తల్లో తండ్రో ఫిలిప్పీన్స్‌వాళ్లైతే, పుట్టి పెరిగింది అమెరికాలోనైనా జర్మనీలోనైనా, కాగితాలు సరిగ్గా చూపిస్తే స్థానికుడిగా డ్రాఫ్ట్‌లోకి, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలోకి రావచ్చు. పీబీఏకు పాస్‌పోర్టు కంటే రక్తసంబంధం ముఖ్యమన్నమాట. న్యాయమా అంటే రెండు వైపులా మాట్లాడేవాళ్లున్నారు. బ్రౌన్‌లీని స్థానికుడిగా లెక్కిస్తే అప్పటికే బలంగా ఉన్న ఒక్క జట్టుకు అడ్డదారి తెరిచినట్టు అవుతుందన్నది లీగ్ వైపు వాదన. దేశానికి పతకం తెచ్చినవాడు ఆ దేశపు లీగ్‌లో పరాయివాడా అన్నది అవతలివాళ్ల ప్రశ్న.

ఆగస్టు నుంచి మార్చి దాకా: టీఎన్‌టీ రెండు కప్పులు

49వ సీజన్ 2024 ఆగస్టు 18న మొదలైంది. ఈసారి టోర్నీల వరుస మార్చారు. మామూలుగా ముందుండే ఫిలిప్పీన్ కప్‌ను చివరికి తోసి, గవర్నర్స్ కప్‌తో మొదలుపెట్టి, మధ్యలో కమిషనర్స్ కప్ పెట్టారు. ఈ కథలో అసలు మలుపు ఇదే.

గవర్నర్స్ కప్‌లో జట్లను ఆరేసి చొప్పున రెండు గ్రూపులు చేశారు. టీఎన్‌టీ తన గ్రూపులో పదింటికి ఎనిమిది గెలిచింది, ఫైనల్లో హినెబ్రాను 4-2తో ఓడించింది. హోలిస్-జెఫర్సన్ ఉత్తమ ఇంపోర్ట్. ఫైనల్స్ ఎంవీపీ, అంటే ఫైనల్ సిరీస్‌లో అత్యంత విలువైన ఆటగాడు, మాత్రం 38 ఏళ్ల జేసన్ క్యాస్ట్రో.

ఆ సీజన్‌లోనే వచ్చిన కొత్త సంగతి నాలుగు పాయింట్ల షాట్. రింగు నుంచి 27 అడుగుల దూరంలో ఇంకో గీత గీశారు. దాని బయట నుంచి వేస్తే నాలుగు. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో వాడే మూడు పాయింట్ల గీత దాదాపు 22 అడుగుల దగ్గరుంటుంది. లెక్క ఎలా మారుతుందో చూడండి. నిమిషం కంటే తక్కువ మిగిలింది, మీ జట్టు 7 పాయింట్లు వెనక ఉంది, బంతి మహా అయితే రెండుసార్లు మీ చేతికొస్తుంది. పాత నిబంధనలో రెండు మూళ్లు ఆరు, మ్యాచ్ పోయినట్టే. ఇప్పుడు రెండు నాలుగులు ఎనిమిది, మ్యాచ్ మీదే. షాట్ వేస్తుండగా ఫౌల్ కూడా దొరికితే ఒక్క దెబ్బకు ఐదు. జనానికి ఇది పండగే. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో లేని గీతకు ఆటగాళ్లను అలవాటు చేస్తే రేపు జాతీయ జట్టుకు నష్టమని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు.

కమిషనర్స్ కప్‌లో హాంకాంగ్ ఈస్టర్న్ అతిథి జట్టుగా వచ్చింది, మొత్తం పదమూడు జట్లయ్యాయి. ఫైనల్లో మళ్లీ అవే ముఖాలు, టీఎన్‌టీ, హినెబ్రా. ఇటు హోలిస్-జెఫర్సన్, అటు బ్రౌన్‌లీ. సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది, ఏడో మ్యాచ్ ఓవర్‌టైమ్ దాకా వెళ్లింది. మార్చి 28 రాత్రి 87-83తో టీఎన్‌టీ బయటపడింది. 48 నిమిషాల ఆటకు పైన మరో ఐదు నిమిషాలు ఆడి కూడా రెండు జట్లలో ఏదీ 90 దాటలేదంటే డిఫెన్స్ ఎంత గట్టిగా సాగిందో ఊహించుకోవచ్చు. రే నంబతాక్ ఫైనల్స్ ఎంవీపీ అయ్యాడు.

ఆ గెలుపుకు ఖరీదు కూడా పడింది. సెమీస్‌లోనే క్యాస్ట్రో మోకాలి చిప్ప కింది స్నాయువు తెగింది. అతని సీజన్ అక్కడితో సరి.

ఒకరికి ఒక గెలుపు, ఇంకొకరికి రెండు

మూడో కప్పులోకి వెళ్లే ముందు, ఫిలిప్పీన్స్ బయటివాళ్లను గందరగోళపెట్టే ఇంకో నిబంధన చూడాలి. అక్కడ దాన్ని ట్వైస్ టు బీట్ అంటారు.

2025 ఫిలిప్పీన్ కప్‌లో పన్నెండు జట్లు ఒకదానితో ఒకటి ఒక్కోసారి ఆడాయి, అంటే జట్టుకు పదకొండు మ్యాచ్‌లు. మొదటి ఎనిమిది జట్లు క్వార్టర్స్‌కు వెళ్లాయి. 1 నుంచి 4 దాకా ఉన్న జట్లు ఒక్క మ్యాచ్ గెలిస్తే చాలు. 5 నుంచి 8 దాకా ఉన్నవి అదే ప్రత్యర్థిని వరసగా రెండుసార్లు ఓడించాలి. ఒక్కటి ఓడినా ఇంటికే.

రెండు జట్లూ సరిసమానం అనుకోండి, ఏ మ్యాచ్‌లోనైనా గెలుపు అవకాశం సగం సగం. కింది జట్టు ముందుకు వెళ్లాలంటే రెండూ గెలవాలి, సగంలో సగం, అంటే నూటికి 25. పై జట్టుకు 75. కింది జట్టే కాస్త మెరుగై, ఏ మ్యాచ్‌లోనైనా గెలిచే అవకాశం 60 శాతం ఉందనుకున్నా, రెండూ గెలిచే అవకాశం 36 శాతమే. అంటే మెరుగైన జట్టు కూడా మూడుసార్లలో దాదాపు రెండుసార్లు ఇంటికి పోతుంది.

ఎందుకిలా పెట్టారు? పన్నెండింట్లో ఎనిమిది జట్లు క్వార్టర్స్‌కు పోతున్నప్పుడు లీగ్ దశకు విలువ లేకుండా పోతుంది. కిందామీదా పడి ఎనిమిదో స్థానం తెచ్చుకున్న జట్టునూ, అగ్రస్థానంలో ఉన్న జట్టునూ ఒకే గాటన కట్టలేరు కదా. పైగా ఏడాదిలో మూడు టోర్నీలు ఇరికించాలంటే క్వార్టర్స్ తొందరగా తేలిపోవాలి. అయితే ఈ పద్ధతి కూడా స్థిరం కాదు. అదే సీజన్ గవర్నర్స్ కప్‌లో క్వార్టర్స్ ఐదు మ్యాచ్‌ల సిరీస్‌గా పెట్టారు. కప్పు కప్పుకూ ఫార్మాట్ మార్చేస్తుంటే అభిమానులకే గుర్తుండదు, మనమెంత.

జూలై: ఇంపోర్ట్ లేని ఫైనల్

కమిషనర్స్ కప్ ఫైనల్ మార్చి చివర్లో ముగిస్తే, ఏప్రిల్ మొదట్లోనే ఫిలిప్పీన్ కప్ మొదలైపోయింది. హోలిస్-జెఫర్సన్ ఆడటానికి లేదు, క్యాస్ట్రో లేడు. టీఎన్‌టీ నెమ్మదిగా మొదలుపెట్టి, తడబడుతూనే పుంజుకుంది. సెమీస్‌లో రెయిన్ ఆర్ షైన్‌ను 4-2తో దాటింది. ఆ సీజన్ మూడు టోర్నీల్లోనూ టీఎన్‌టీకి సెమీస్‌లో తగిలింది రెయిన్ ఆర్ షైనే, మూడుసార్లూ ఓడిందీ వాళ్లే. రెండో సెమీస్‌లో శాన్ మిగెల్ ఏడు మ్యాచ్‌లు ఆడి హినెబ్రాను దాటింది.

ఫైనల్ మొదటి మ్యాచ్ చివరి నిమిషంలో గొడవైంది. శాన్ మిగెల్ ఆటగాడు మో టౌటువా, రింగు దగ్గర తిరిగొచ్చిన బంతిని అందుకుని డంక్ కొట్టాడు, అంటే చేత్తో నేరుగా రింగులోకి కుక్కాడు. రెఫరీలు అది చెల్లదన్నారు. బంతి ఇంకా రింగు పైన, లోపలికి పడే స్థితిలో ఉండగా దాడి చేసే జట్టు దాన్ని ముట్టుకోకూడదు, అది ఆఫెన్సివ్ గోల్‌టెండింగ్. ఆ రెండు పాయింట్లు పోయాయి, టీఎన్‌టీ 99-96తో గెలిచింది. శాన్ మిగెల్ మండిపడింది. ఆ కోపమో ఏమో, తర్వాతి మూడు మ్యాచ్‌లూ గెలిచేసింది. టీఎన్‌టీ ఐదోది గెలిచి కాస్త ఆశ పెట్టింది. ఆరోదాంట్లో కథ ముగిసింది. జెరికో క్రూజ్ ఫైనల్స్ ఎంవీపీ, శాన్ మిగెల్‌కు 30వ కప్పు.

ఓటమికి ఎవరి కారణం వాళ్లది

అలసట, గాయాలు అన్నది మొదటి వాదన. లెక్క చూస్తే దీన్ని కొట్టిపారేయలేం. ఆ సీజన్‌లో టీఎన్‌టీ ఫైనల్ మ్యాచ్‌లే 19 ఆడింది, మొదటి కప్పులో 6, రెండో దాంట్లో 7, మూడో దాంట్లో 6. ఆడినవాళ్లలో కెల్లీ విలియమ్స్ వయసు నలభై దాటింది. ఒక్క కప్పులోనూ ముందుగా ఇంటికి పోయి విశ్రాంతి తీసుకున్నది లేదు. గెలిచే జట్టుకు పీబీఏ వేసే శిక్ష ఇది: ఎంత బాగా ఆడితే సెలవు అంత తక్కువ.

రెండో వాదన, ఇంపోర్ట్ లేకపోవడం. ఇది కూడా నిజమే కానీ, మిగతా జట్లకూ ఇంపోర్టులు లేరు కదా అని ఎవరైనా అడగొచ్చు. ఒకే జట్టుకు నష్టం ఎందుకు? ఎవరి బలంలో ఇంపోర్ట్ వాటా ఎంత అన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. హోలిస్-జెఫర్సన్ స్కోరు చేస్తాడు, రీబౌండ్లు పడతాడు, అవతలి మేటి ఆటగాణ్ని కాపు కాస్తాడు. అతను లేకపోతే ఆ మూడు పనులూ ముగ్గురు పంచుకోవాలి.

మూడో వాదన పేరు జూన్ మార్ ఫహార్డో. సెబూ దీవి నుంచి వచ్చిన 6 అడుగుల 10 అంగుళాల శాన్ మిగెల్ ఆటగాడు. ఇంపోర్టులున్న కప్పుల్లో అతని ఎత్తుకు జవాబుగా అవతలి జట్టుకు ఒక విదేశీయుడు ఉంటాడు. ఫిలిప్పీన్ కప్‌లో ఆ జవాబు దొరకడం కష్టం. అతను ఉండగా శాన్ మిగెల్ 2015 నుంచి 2019 దాకా వరసగా ఐదు ఫిలిప్పీన్ కప్పులు గెలిచింది. గవర్నర్స్ కప్ ఎత్తు హద్దు గురించి గంటలు గంటలు వాదించేవాళ్లున్నారు కానీ, ఇంపోర్టులే లేని కప్పులో ఒక్క జట్టుకే అంత ఎత్తు ఉండటం గురించి అంత చర్చ ఉండదు.

నాకు మూడో కారణమే బరువైనదిగా కనిపిస్తుంది, కానీ అదొక్కటే సరిపోదు. ముందటేడు, 2024 ఫిలిప్పీన్ కప్ ఫైనల్లో, ఇదే శాన్ మిగెల్‌ను మెరాల్కో 4-2తో ఓడించింది. ఆరో మ్యాచ్ ఆఖర్లో ఫహార్డో మూడు పాయింట్ల షాట్ వేసి స్కోరు 78-78 చేశాడు, అంత పొడగరి నుంచి ఎవరూ ఊహించని షాట్ అది. ఇక 1.3 సెకన్లు మిగిలుండగా క్రిస్ న్యూసమ్ వేసిన షాట్‌తో మెరాల్కో తన చరిత్రలో మొదటి కప్పు గెలిచింది. ఫహార్డో ఉన్నాడు కాబట్టి ఓటమి ఖాయం అనే సూత్రం పనిచేయదన్నమాట. 2025లో టీఎన్‌టీకి మాత్రం అలసట, గాయం, ఫహార్డో మూడూ ఒకేసారి ఎదురయ్యాయి.

గ్రాండ్ స్లామ్ ఇంత అరుదెందుకు

ఇప్పటిదాకా గ్రాండ్ స్లామ్ ఐదుసార్లే దక్కింది, అదీ నాలుగు జట్లకే: 1976లో, 1983లో క్రిస్పా, 1989లో శాన్ మిగెల్, 1996లో అలాస్కా, 2013-14లో శాన్ మిగ్ కాఫీ. చివరి రెండింటికీ కోచ్ టిమ్ కోన్, ఇప్పుడు హినెబ్రా బెంచీ మీద ఉన్నది ఆయనే.

లీగ్‌లోకెల్లా బలమైన జట్టుకు ఒక్కో కప్పు గెలిచే అవకాశం నూటికి 40 ఉందనుకుందాం, పన్నెండు జట్ల లీగ్‌లో అది చాలా పెద్ద అంకె. మూడూ గెలిచే అవకాశం 0.4 ను మూడుసార్లు గుణిస్తే 0.064, నూటికి ఆరున్నర కూడా లేదు. ఒక్కో కప్పుకు సగం అవకాశం ఉందన్నా పన్నెండున్నరే. పైగా అన్ని సీజన్లలోనూ మూడు కప్పులుండవు. 2004 తర్వాత కొన్నేళ్లు రెండు కాన్ఫరెన్సులే ఆడారు. 2020లో కోవిడ్ వల్ల పంపాంగాలోని క్లార్క్‌లో అందరినీ ఒక బబుల్‌లో పెట్టి ఒక్క కప్పుతో సరిపెట్టారు. 2021లో, 2023-24లో రెండేసి. ఆ ఏళ్లలో ఎంత గొప్ప జట్టున్నా గ్రాండ్ స్లామ్ ప్రశ్నే లేదు.

టీఎన్‌టీకి ఇది రెండో భంగపాటు. 2010-11లో, టాక్ అండ్ టెక్స్ట్ అన్న పేరుతో ఉన్నప్పుడు, ఫిలిప్పీన్ కప్ ఫైనల్లో శాన్ మిగెల్‌ను, కమిషనర్స్ కప్ ఫైనల్లో హినెబ్రాను ఓడించి మూడోదాని అంచు దాకా వచ్చింది. గవర్నర్స్ కప్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో పెట్రాన్ బ్లేజ్ చేతిలో పోయింది. పెట్రాన్ బ్లేజ్ అంటే వేరెవరో కాదు, పెట్రోలు బంకుల పేరు తగిలించుకున్న శాన్ మిగెలే. రెండుసార్లూ టీఎన్‌టీ కోచ్ చాట్ రెయెస్. క్యాస్ట్రో, కెల్లీ విలియమ్స్ రెండు సీజన్లలోనూ జట్టులో ఉన్నారు.

అయితే ఈ రెండు ఓటములూ ఒకలాంటివి కావు. 2011లో స్థానికుల కప్పు ముందే గెలిచి, ఇంపోర్టుల కప్పులో ఆగిపోయింది. 2025లో ఇంపోర్టుల కప్పులు రెండూ గెలిచి స్థానికుల కప్పులో ఆగింది.

పన్నెండులో ఆరు జట్లు రెండు ఇళ్లవే

టీఎన్‌టీ గురించి మాట్లాడుతూ ఈ సంగతి వదిలేస్తే కథ సగమే అవుతుంది. శాన్ మిగెల్ కార్పొరేషన్‌కు మూడు జట్లున్నాయి: శాన్ మిగెల్, హినెబ్రా, మాగ్నోలియా. వ్యాపారవేత్త మాన్యుయెల్ పాంగిలినాన్ నడిపే సంస్థలకు ఇంకో మూడు: టీఎన్‌టీ, మెరాల్కో, ఎన్‌లెక్స్. 2016 కమిషనర్స్ కప్ రెయిన్ ఆర్ షైన్ గెలిచాక, 2025 జూలై దాకా ప్రతి కప్పూ ఈ ఆరు జట్లలో దేనికో ఒకదానికే పోయింది.

విమర్శకులు దీన్ని పోటీ చచ్చిపోయిందనడానికి రుజువు అంటారు. ఆటగాళ్ల జీతానికి నెలకు 4,20,000 పెసోల హద్దుంది, డ్రాఫ్ట్ ఉంది, అన్నీ సమానం చేయడానికే. అయినా మంచి ఆటగాళ్లు అటే ఎందుకు చేరతారని వాళ్ల ప్రశ్న. 2017లో కియా జట్టు తన మొదటి డ్రాఫ్ట్ అవకాశాన్ని శాన్ మిగెల్‌కు ఇచ్చేసి, బదులుగా ముగ్గురు మామూలు ఆటగాళ్లను, ఒక భవిష్యత్తు డ్రాఫ్ట్ అవకాశాన్ని తీసుకుంది. అలా క్రిస్టియన్ స్టాండ్‌హార్డింగర్ అప్పటికే ఛాంపియనైన జట్టుకు చేరాడు. ఆ గొడవ బోర్డును రెండుగా చీల్చింది, లీగ్‌ను నడిపే కమిషనర్ చిటో నర్వాసా పదవి వదులుకోవలసి వచ్చింది. 2022లో 14 కప్పులు గెలిచిన అలాస్కా కూడా లీగ్ వదిలి వెళ్లిపోయింది, ఆ జట్టును కన్వర్జ్ అనే ఇంటర్నెట్ కంపెనీ కొనుక్కుంది.

రెండో వైపు కూడా వినాలి. డబ్బు పెట్టేవాళ్లు లేకపోతే లీగే ఉండదు. టికెట్ల మీద వచ్చేది తక్కువ, సొంత మైదానం లేదు, అయినా ఏళ్ల తరబడి ఖర్చు భరిస్తున్నది వీళ్లే. ఒకే యజమాని జట్లు ఒకదానికొకటి వదిలేసుకుంటాయన్న అనుమానానికీ ఆ సీజన్‌లోనే జవాబు ఉంది: శాన్ మిగెల్, హినెబ్రా అక్కాచెల్లెళ్ల జట్లే, సెమీస్‌లో ఏడో మ్యాచ్ దాకా కొట్టుకున్నాయి.

మ్యాచులు కుమ్మక్కవుతున్నాయన్న మాటకు ఆధారం కనిపించదు. కానీ ఆటగాళ్ల మార్పిడి న్యాయంగా జరుగుతోందా అన్న ప్రశ్నకు తొమ్మిదేళ్ల కప్పుల జాబితా అంత తేలిగ్గా సమాధానం చెప్పనివ్వదు. పట్టణాల పేర్లతో, సొంత హాళ్లతో నడిచే లీగ్ కావాలన్నవాళ్లకు బాక్సర్ మానీ పాకియావో 2017లో పెట్టిన ఎంపీబీఎల్ ఉంది. డబ్బులోనూ ఆట స్థాయిలోనూ పీబీఏ ఇంకా పైనే ఉంది.

మరి ఆ సీజన్ ఛాంపియన్ ఎవరు?

అధికారికంగా ఎవరూ లేరు. మూడు కప్పులకు ముగ్గురు విజేతలుంటారు లేదా ఇద్దరుంటారు, మొత్తం సీజన్‌కు కలిపి జట్టు ట్రోఫీ అంటూ లేదు. సీజన్ మొత్తానికి ఇచ్చే పెద్ద బహుమతి ఆటగాడికే: ఎంవీపీ. గణాంకాలు, మీడియా ఓట్లు, తోటి ఆటగాళ్ల ఓట్లు, లీగ్ కార్యాలయం ఓటు అన్నీ కలిపి లెక్కిస్తారు. 2024-25లో రెండు కప్పులు గెలిచిన టీఎన్‌టీ నుంచి ఎవరికీ అది రాలేదు. ఒక్క కప్పు గెలిచిన శాన్ మిగెల్‌లోని ఫహార్డోకు వచ్చింది, అతనికది తొమ్మిదోది. ఇంపోర్టులు ఈ బహుమతికి పోటీలోనే ఉండరు కాబట్టి, టీఎన్‌టీ గెలుపుల్లో పెద్ద వాటా ఉన్న మనిషి లెక్కలోకే రాలేదు.

2025 అక్టోబర్ 5న 50వ సీజన్ మొదలైనప్పుడు లీగ్ పాత వరుసకే వెళ్లింది, ఫిలిప్పీన్ కప్ మళ్లీ ముందుకొచ్చింది. ఈ వరుసలో గ్రాండ్ స్లామ్ కావాలనుకునే జట్టు మొట్టమొదటే, ఇంపోర్ట్ సాయం లేకుండా, ఫహార్డోను దాటాలి. అది కుదిరాకే మంచి ఇంపోర్ట్ కోసం ఫోన్లు మొదలుపెట్టాలి.